ఊరూరా పేర్లు అడిగిన ఏలూరు బొర్రయ్య

ఏలూరు: శనివారపుపేటకు శనివారం పేరు ఎలా వచ్చింది? తంగెళ్లమూడిలో ఒకప్పుడు తంగేడు పొదలు ఉండేవా? బడికి వెళ్లే పిల్లవాడు ఇంట్లో ఈ ప్రశ్న వేస్తే చాలామంది పెద్దలు జవాబు చెప్పలేక తప్పుకుంటారు. ఇటువంటి ప్రశ్నలను మూటకట్టుకుని దక్షిణాపథమంతా తిరిగిన వ్యక్తి దాదాపు రెండున్నర శతాబ్దాల క్రితం ఈ ఊళ్లోనే జన్మించారు. ఆయన కావలి వెంకట బొర్రయ్య.

1776లో జన్మించిన బొర్రయ్య సంస్కృతాంధ్రాలతో పాటు ఆంగ్లమూ నేర్చారు. 1790 దశకం మలిభాగంలో కల్నల్ కాలిన్ మెకంజీ కొలువులో చేరారు. స్కాట్లండ్‌లోని లూయిస్ దీవిలో పుట్టిన మెకంజీ 1783లో మద్రాసుకు వచ్చిన కుంఫిణీ ఇంజనీరు. కోటలు, దారులు కొలవడంలో దిట్ట. అయితే ఆయనకు ఇక్కడి భాషలు రావు. శాసనం కంటికి కనిపించినా అందులో ఏముందో తెలియదు. ఆ కొరతను తీర్చినవారు బొర్రయ్యే. ఈ దేశపు విజ్ఞానంలోకి తనకు దారి చూపినది బొర్రయ్యేనని మెకంజీ తరువాతి కాలంలో బాహాటంగా అంగీకరించారు.

1799లో టిప్పు సుల్తాన్ పతనానంతరం మైసూరు సర్వే మెకంజీకి దక్కింది. సర్వే అంటే గొలుసు పట్టి నేల కొలవడమే అనుకునే రోజులవి. మెకంజీ బృందం దానికి మరో పని జోడించింది. గుడి ఎవరు కట్టించారు, చెరువు ఎవరు తవ్వించారు, అగ్రహారం ఎవరిచ్చారు, ఊరికి ఆ పేరు ఎందుకు వచ్చింది అని విచారించి రాయించసాగింది. కరణాల వద్ద ఉండే కవిలెలు, వృద్ధుల జ్ఞాపకాలు, రాతి శాసనాలు ఇందుకు ఆధారాలు. ఇలా రాసిన గ్రామ వృత్తాంతాలే కైఫీయతులు.

పని అంత సులువు కాదు. సర్కారు తరఫు మనిషి వచ్చి పాత లెక్కలు అడిగితే పన్ను పెంచడానికేనని రైతులు శంకించేవారు. ఈనాములు ఊడతాయేమోనని పూజారులు కాగితాలు దాచేవారు. అటువంటి చోట నోరు విప్పించడానికి భాష ఒక్కటే చాలదు, మర్యాద తెలియాలి. మెకంజీ బృందం గెలిచిన రహస్యం అదేనని తోస్తుంది.

బొర్రయ్య పాత కన్నడ లిపిని సైతం పట్టుదలతో చదవగలిగారు. ముడిగెరెలోని జైన గురువు నుంచి సేకరించిన వృత్తాంతాన్ని ఆయన ఆంగ్లంలోకి అనువదించగా, అది ఆసియాటిక్ రిసర్చెస్ తొమ్మిదవ సంపుటంలో అచ్చయింది. కానీ ఆ అచ్చు చూసే భాగ్యం ఆయనకు దక్కలేదు. 1803లో, నిండా ముప్పై ఏళ్లైనా రాకముందే, ఆయన కన్నుమూశారు.

ఆయన స్థానంలో తమ్ముడు లక్ష్మయ్య నిలిచారు. మరో తమ్ముడు రామస్వామి దక్కను కవుల చరిత్రను ఆంగ్లంలో రాసి 1829లో ప్రకటించారు. 1821లో మెకంజీ మరణించే నాటికి 2,070 స్థానిక వృత్తాంతాలు, 8,076 శాసన ప్రతులు పోగయ్యాయి. ఆ పనిని తానే కొనసాగిస్తానని లక్ష్మయ్య అర్థించగా, కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ సమ్మతించలేదు. పాతికేళ్లకు పైగా ఆ సేకరణతోనే బతికిన మనిషికి అర్హత లేదనడం ఏమి న్యాయమో! శిథిలమవుతున్న తెలుగు వృత్తాంతాలకు సి.పి. బ్రౌన్ ప్రతులు రాయించారు గనుక ఈపాటికైనా మిగిలాయి. అవి చెన్నై ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి. కడప జిల్లా కైఫీయతులను కడపలోని బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం సంపుటాలుగా ముద్రించింది.

కైఫీయతులో చెప్పినదంతా చరిత్ర అనుకోరాదు. ఊరి పేరుకు పురాణ కథ అల్లడం, తెలుగు పేరుకు సంస్కృత రూపం కల్పించడం మన పెద్దలకు వాడుకే. ఏలూరును హేలాపురి అనడం వంటివి విన్నప్పుడు ఏది ముందో, ఏది వెనుకో ఆలోచించాలి. రాతిపైనో రాగిరేకుపైనో ఉన్న పేరు మరింత గట్టి సాక్ష్యం. విష్ణుకుండినుల చిక్కుళ్ల తామ్రశాసనంలోని లెందులూరను పండితులు మన దెందులూరుగా గుర్తించారు. పదిహేను వందల ఏళ్లలో ఒక్క అక్షరం అటూ ఇటూ అయింది, అంతే! ఒకనాటి రాజధాని వేంగి పేరు పెదవేగిలో ఇంకా వినిపిస్తూనే ఉంది.

సాంఘిక శాస్త్రం బోధించే ఉపాధ్యాయులు ఒక ఆదివారం పిల్లలను ఊరి చుట్టూ తిప్పితే బొర్రయ్య పని మళ్లీ మొదలైనట్లే. వీధులు, చెరువులు, దిబ్బలు, పొలాలకు జనం పిలిచే పేర్లను నోటు పుస్తకంలో రాయించాలి. పుస్తకంలోకి ఎక్కని పేర్లు ఎక్కువగా పొలాలవే. అవి తెలిసినవారు డెబ్బై ఏళ్లు దాటిన రైతులు, పశువులు కాసినవారు, చాకలి రేవు ఎరిగిన అవ్వలు. చెప్పినవారి పేరు, అడిగిన తేదీ పక్కనే రాసుకోవాలి. ఒకే పేరుకు రెండు కథలు వినవస్తే రెండూ రాయాలి. గుడి గోడపై శాసనం కనిపిస్తే దానిని గీకకుండా, సున్నం పూయకుండా ఫొటో తీసి పెద్దలకు చూపాలి.