ఎంత తప్పుకు ఎంత శిక్ష? బెక్కారియా కట్టిన లెక్క

ఎక్కడన్న ఘోరం జరిగిందంటె చాలు, మన ఫోన్ల స్టేటస్‌లు మారిపోతయి. ఉరి తియ్యాలె, నడిబజార్ల కాల్చాలె అని రాస్తం. 2019 డిసెంబర్ల షాద్‌నగర్ దగ్గర నలుగురు నిందితులు ఎన్‌కౌంటర్ల చచ్చిపోతె పోలీసుల మీద పూలు చల్లినం. అప్పటికి కోర్టుల విచారణే మొదలుగాలె. ఆ కోపం ఎందుకొచ్చిందో నాకు ఎర్కనే. గని తమ్మీ, చెల్లే, కోపంతోని కొలిస్తె శిక్ష ఎటుపోతదో 260 ఏండ్ల కిందనే ఒక పిల్లగాడు లెక్కగట్టి చెప్పిండు.

ఆయన పేరు చెజారే బెక్కారియా. 1738ల ఇటలీలోని మిలాన్‌ల పుట్టిండు. పెద్ద దొరల ఖాన్‌దాన్. పావియాల లా చదివిండు. తెరెసా అనే అమ్మాయిని ప్రేమిస్తె తండ్రి ఒద్దన్నడు. వినకపోతె కొడుకును ఇంట్లనే బందీ చేయించిండు. అయినా 1761ల ఆమెనే పెండ్లి చేసుకున్నడు.

గప్పుడు మిలాన్ ఆస్ట్రియా ఏలుబడిల ఉండె. మనిషిని తాడుకు ఏలాడదీసి నేరం ఒప్పించుడు చట్టంలనే ఉండె. ఒక్కటే తప్పుకు దొరకొక శిక్ష, కూలోనికొక శిక్ష. చానా కేసుల్ల జడ్జి మనసుల ఎంతుంటె అంత.

బెక్కారియాకు ఇద్దరు దోస్తులుండె, పియెత్రో, అలెస్సాండ్రో అని అన్నదమ్ములు. ఇంటిపేరు వెర్రి గని మనుషులు మస్తు తెలివిగలోళ్లు. తమ్ముడు అలెస్సాండ్రోది ఖైదీల మొర వినే కొలువు. జైల్ల చూసింది వచ్చి చెప్తుండె. అన్న రాయుమని ఎంటబడ్డడు. అట్ల 1764ల, 26 ఏండ్ల వయసుల, బెక్కారియా నేరాలు, శిక్షల మీద ఒక చిన్న పుస్తకం తెచ్చిండు. భయానికి దాని మీద తన పేరు సుత వేసుకోలే.

అందుల లెక్క సీదా ఉంటది. శిక్షను కొలవాల్సింది సమాజానికి జరిగిన నష్టంతోని, నేరం చేసినోని హోదాతోని గాదు. మేకను ఎత్తుకపోయినా ఉరే, మనిషిని చంపినా ఉరే అయితె, దొంగ సాక్షిని బతకనిస్తడా? ఇంకోటి, శిక్ష ఎంత పెద్దదన్నది గాదు, పడుతదా లేదా అన్నదే మనిషిని ఆపుతది. బోర్డు మీద పదివేల ఫైన్ అని రాసి ఒక్కన్నీ పట్టకపోతె ఎవడు భయపడుతడు? నూరు రూపాయలైనా ప్రతొక్కనికీ, అప్పటికప్పుడు పడితె హెల్మెట్ పెడుతరు. చిత్రహింస ఒద్దన్నడు. ఉరిని దాదాపు పూర్తిగ ఒద్దన్నడు. అట్లని మెత్తని మనిషేం గాదు, ఉరికి బదులు బతుకంత కఠినమైన చాకిరి చేయించాలన్నడు.

1766ల చర్చి ఆ పుస్తకాన్ని నిషేధించింది. అదే ఏడు పారిస్ పండితులు పిలిస్తె పోయిండు. సిగ్గరి మనిషి, ఇంటి మీద బెంగతోని తొందరగనే తిరిగొచ్చిండు. తర్వాత పాఠాలు చెప్పిండు, సర్కారు నౌకరీ చేసిండు. 1786ల టస్కనీ రాజ్యం ఉరిశిక్షనే తీసేసింది. 1792ల మిలాన్ చట్టాలు మార్చే కమిటీల కూసున్నప్పుడు, ఎక్కువమంది ఉరి ఉండాలంటె, ఒద్దన్న ముగ్గురిల ఆయనొకడు. 1794ల కన్నుమూసిండు.

ఒక్క కాడ నేను ఆయనతోని ఒప్పుకోను. జడ్జి చట్టంల రాసినంతనే చెయ్యాలె, సొంతంగ ఏం చూడొద్దన్నడు. మరి ఆకలికి మొదటిసారి తప్పు చేసినోడు, అదే పనిగ పెట్టుకున్నోడు ఒక్కటేనా? మన చట్టం ఈ తేడా చూస్తది. పెద్ద కేసుల్ల నేరం రుజువైనంక, ఎంత శిక్ష అన్నదాని మీద జడ్జి దోషి మాట వేరుగ వినాలె. 1973 చట్టంల ఉన్న ఈ హక్కు, 2024ల వచ్చిన కొత్త చట్టంల సుత ఉన్నది. వయసెంత, ఇదే మొదటి తప్పా, ఇంటి పరిస్థితేంది, మారెతందుకు సందున్నదా, బాధితులకు ఎంత నష్టమైంది, ఇవన్ని తూకంల పడాలె. చిన్న నేరమైతె 1958 ప్రొబేషన్ చట్టం కింద మంచి నడత బాండు మీద ఇడిసిపెట్టొచ్చు. ఉరి మాత్రం అరుదుల్ల అరుదైన కేసులకే అని 1980ల సుప్రీంకోర్టు గీత గీసింది.

గని కోర్టు వరండల నేను చూసిందేందంటె, ఈ హక్కు ఉన్నదని ఇంటోళ్లకే తెల్వదు. దయ చూపుండ్రి అని వకీలు ఒక్క ముక్క అంటడు, అయిపోతది. పైసలున్నోని వకీలు మాత్రం కాయితాల కట్ట పెడుతడు. దొరకొక శిక్ష, కూలోనికొక శిక్ష అంటె ఇదే గదా!

అందుకే మీ ఊర్ల ఎవలికన్న నేరం రుజువైతె, చదువు సర్టిఫికెట్, దవాఖాన కాయితాలు, ఇంటి సంగతి వకీలుకు ముందే ఇయ్యుండ్రి. శిక్ష మీద గట్టిగ వాదించుమని అడుగుండ్రి. తప్పు చేసినోన్ని కాపాడెతందుకు గాదు, తప్పుకు తగ్గంతనే శిక్ష పడాలెనని.