రాజరత్నం పిళ్ళై చేపట్టిన పెద్ద నాదస్వరము

హైదరాబాదులోని చిక్కడపల్లి, గాంధీనగర్ వీథులలో పెండ్లి ఊరేగింపు సాగునప్పుడు ముందు నడచునది ఇత్తడి బాకాల మేళము. ముహూర్త సమయమున పందిటిలో మ్రోగునది నాదస్వరము. చూపునకు ఈ రెండింటికి పోలిక లేదు. కాని రెండును గాలిగొట్టములే. గొట్టము పొడవు పెరిగినకొద్దీ ధ్వని మంద్రమగుననునది రెండింటికి సమానమైన ధర్మము.

ఈ మంద్రము కొరకే ఐరోపాలో 1835లో ట్యూబా అను పెద్ద బాకా పుట్టినది. బెర్లిన్ సైనిక వాద్యబృందముల నాయకుడు వీప్రెష్ట్, వాద్యనిర్మాత మోరిట్స్ కలసి దానిని రూపొందించినారు. గాలిని అదనపు గొట్టములలోనికి మళ్ళించు తిరుగుడు కవాటమునకు వియన్నాలో రీడ్ల్ అను నిర్మాత హక్కు పొందినది కూడ ఆ సంవత్సరమే. నేటి పెద్ద ట్యూబాలలో చుట్టలు చుట్టిన గొట్టము పొడవు 18 అడుగుల వరకు ఉండును. వాదకుడు మీట నొక్కగానే కవాటము తిరిగి, గొట్టము పొడవు మారి, స్వరము మారును.

నాదస్వరమునకు అట్టి యంత్రసహాయము లేదు. ఒక్కసారి కొయ్య తొలిచినచో దాని పొడవు, దాని శ్రుతి జన్మకంతకు స్థిరమైనట్లే. కనుక పెద్ద నాదస్వరము కావలెనని కోరు విద్వాంసుడు కొయ్య తరిమెనపైకి ఎక్కక ముందే తన నిర్ణయము చేసికొనవలెను. అట్లు నిర్ణయించుకొని, తాను కోరిన వాద్యమును పట్టుదలతో చేయించుకొన్న మహావిద్వాంసుడు తిరువావడుదురై రాజరత్నం పిళ్ళై.

ఆయన తంజావూరు సీమలోని తిరుమరుగల్‌లో 1898 ఆగస్టు 27వ తేదీన జన్మించినారు. తలిదండ్రులు పెట్టిన పేరు బాలసుబ్రహ్మణ్యము. పసితనముననే తండ్రి కుప్పుస్వామి పిళ్ళై గతించగా మేనమామ తిరుమరుగల్ నటేశ పిళ్ళై ఆ బాలుని పెంచినారు. నటేశ పిళ్ళై తిరువావడుదురై శైవమఠమున నాదస్వర విద్వాంసులు. ఆ మఠమున్న ఊరి పేరే తరువాత రాజరత్నము పేరునకు ముందు శాశ్వతముగ నిలిచినది. ఆయన తొలుత అభ్యసించినది నాదస్వరము కాదు, గాత్రము. ఫిడేలు విద్వాంసులు తిరుక్కోడికావల్ కృష్ణయ్యర్ వద్ద సంగీతము నేర్చినారు. గొంతుతో రాగమును సాగదీయుట, నిలుపుట, మలచుట ముందుగ అలవడి, ఆ పిమ్మట వాద్యము చేతికి వచ్చినది. ఈ వరుసక్రమమే ఆయన జీవితమున తరువాతి మలుపునకు మూలము.

ఆ కాలమున ఎక్కువమంది చేత ఉన్నది తిమిరి అను పొట్టి నాదస్వరము. దాని శ్రుతి హెచ్చు; నాలుగు, ఐదు శ్రుతులలో పలుకును. అందుకు కారణము లేకపోలేదు. నాదస్వర విద్వాంసుని కచేరీ స్థలము సభామందిరము కాదు. దేవుని ఉత్సవము సాగు నాలుగు మాడవీథులు. తవిలు హోరును, జనసమ్మర్దమును, బాణసంచా చప్పుడును మించి వినబడవలెననిన తీక్ష్ణమైన ధ్వని అవసరము. వాదకుడు నడచుచు వాయించవలెను. ఒక్కొక్కప్పుడు రాత్రి తెల్లవార్లు వాయించవలెను. పొట్టి వాద్యము మోయుటకు తేలిక, ఊదుటకు సులువు.

గాత్రమెరిగిన రాజరత్నమునకు ఆ హెచ్చు శ్రుతిలో తృప్తి కలుగలేదు. గాయకుడు పాడు రాగమునందలి గాంభీర్యము తన వాద్యమున వినబడవలెనని ఆయన కోరిక. అందుకు బారి అను పొడవైన నాదస్వరము తగినది. అది రెండు, రెండున్నర శ్రుతులలో పలుకును. పొడవు సుమారు రెండున్నర అడుగులు. కాని పొడవు పెంచినంత మాత్రమున సమస్య తీరలేదు. నాటి నాదస్వరములలో శుద్ధ మధ్యమము దాని స్థానమున సరిగ పలికెడిది కాదు. రంధ్రము తెరచినచో వచ్చు స్వరము ప్రతి మధ్యమము వైపునకు ఎక్కిపోయెడిది. పెదవుల బిగువుతోను, శ్వాస అదుపుతోను దానిని క్రిందికి దింపి వాయించవలసి వచ్చెడిది.

ఇది చిన్న లోపముగ తోచవచ్చును. కాని డెబ్బదిరెండు మేళకర్తలలో మొదటి ముప్పదియారును శుద్ధ మధ్యమ మేళములే. శంకరాభరణము, కాంభోజి, భైరవి, ఖరహరప్రియ — నాలుగింటికి ఆ స్వరమే కావలెను. అన్నిటిని మించి తోడి రాగమునకు కావలెను. రాజరత్నం పేరు వినగానే రసికులకు స్ఫురించునది తోడియే. ఏ స్వరముపై నిలిచి రాగమును విస్తరింపజేయవలెనో ఆ స్వరమే జారిపోవుచుండగా విద్వాంసుడు ఎంతసేపు దానితో పెనగులాడగలడు?

తిరువావడుదురైకి సమీపముననే, కుంభకోణము నుండి మాయవరము పోవు దారిలో, నరసింగంపేట అను గ్రామము కలదు. నాదస్వర నిర్మాణమే అచటి ఆచారుల కులవృత్తి. వారిలో రంగనాథన్ ఆచారి ప్రసిద్ధులు. రాజరత్నం తన చిక్కును ఆయన ముందుంచినారు. అంగడిలో బేరమాడి ఇంటికి తెచ్చుకొను వస్తువు కాదది. అట్టి వాద్యము అప్పటికి ఎచటను లేదు. ఒకరికి చెవి ఉన్నది, మరియొకరికి చేయి ఉన్నది. రెండును కలసిననే ఆ పని నెరవేరును.

నాదస్వరమునకు వాడునది ఆచ్చా అనబడు గట్టి కొయ్య. పచ్చికొయ్య పనికిరాదు, ఎండినకొద్దీ వంపు తిరుగును, పగులును. అందుచేత పాత ఇండ్లు విప్పినప్పుడు దొరకు దూలములను, స్తంభములను ఆచారులు ఏరి తెత్తురు. ఏండ్ల తరబడి ఎండవానలను చూచి కుదురుకొన్న కొయ్య అది. దానిని తరిమెనపై గుండ్రముగ చెక్కి, పైన సన్నగను క్రింద వెడల్పుగను లోపల తొలతురు. మొత్తము పండ్రెండు రంధ్రములు. వ్రేళ్ళతో మూసి తెరచునవి ఏడు. అడుగుభాగమున నున్న తక్కిన ఐదింటిని అవసరమును బట్టి మైనముతో పూడ్చి శ్రుతి సరిచేతురు. పైన రెల్లుజాతి కాడతో చేసిన పీక, క్రింద గంటవలె విచ్చుకొన్న అనసు.

ఇందులో ఏ కొలత మారినను స్వరము మారును. ఒక రంధ్రమును గింజంత పైకి జరిపినచో మధ్యమము కుదురవచ్చును, కాని పంచమము చెడవచ్చును. పంచమమును చక్కదిద్దినచో తారస్థాయి లొంగకపోవచ్చును. తొలిచిన కొయ్యను మరల పూడ్చుటకు వీలులేదు. తప్పు జరిగినచో మరియొక కొయ్య ఎత్తవలసినదే. రంగనాథన్ ఆచారి పలుమార్లు కొలతలు మార్చి చేసినారు; రాజరత్నం ఊది చూచి లోపము తెల్పినారు. తుదకు శుద్ధ మధ్యమము పెనగులాట లేక తన స్థానమున పలుకు బారి నాదస్వరము సిద్ధమైనది.

పెద్ద వాద్యము ఊరక వశమగునది కాదు. పొడవైన గొట్టమును నింపుటకు ఊపిరి ఎక్కువ కావలెను. వ్రేళ్ళ మధ్య ఎడము పెరుగును. పీక సైతము దానికి తగినది వెదకవలెను. గుక్క తిప్పుకొనుట ఎచట, నిలుపుట ఎచట అనునది మరల నేర్వవలెను. పేరు ప్రతిష్ఠలు సంపాదించిన విద్వాంసుడు అలవడిన దానిని విడచి ఈ శ్రమకు పూనుకొనుట సామాన్యము కాదు.

ఆ శ్రమకు ఫలము సంగీతమున మాత్రమే కాక సంఘమునను కనబడినది. పూర్వము నాదస్వర విద్వాంసుడు ప్రభువుల యెదుట, ధనికుల యెదుట పై వస్త్రము నడుమునకు చుట్టి నిలుచుండి వాయించవలెను. రాజరత్నం అందుకు సమ్మతింపలేదు. క్రాపు పెట్టి, చొక్కా తొడిగి, గాయకులతో సమానముగ వేదికపై కూర్చుండి వాయించినారు. శ్రుతికి ఒత్తుకు బదులు తంబురా పెట్టించినారు. తీక్ష్ణమైన తిమిరికి నాలుగు గోడల నడుమ ఇట్టి గౌరవము దక్కుట కష్టము. తంబురా నాదముతో కలసిపోగల మంద్రశ్రుతి గల వాద్యము చేత నుండుట చేతనే ఆ పట్టుదల నెగ్గినది. త్యాగరాజస్వామి తెలుగు కృతులు ఆ వాద్యమున మాట లేకయే గాత్రము వలె పలికినవి.

ఆయన కీర్తి గ్రామఫోను రికార్డుల ద్వారా దేశమంతట వ్యాపించినది. 1940లో ఎల్లిస్ డంకన్ దర్శకత్వమున వచ్చిన ‘కాళమేఘం’ అను తమిళ చిత్రమున ఆయన ఆ కవి పాత్రను ధరించినారు. 1947 ఆగస్టు 14వ తేదీన తిరువావడుదురై మఠము వారు నెహ్రూకు రాజదండము సమర్పించుటకు ఢిల్లీకి బృందమును పంపగా, అందు నాదస్వరము వాయించినది ఆయనయే. స్వభావమున ఆయన అభిమానధనుడు. కోపము, ఔదార్యము రెండును హెచ్చు. సంపాదన చేతిలో నిలువలేదు. 1956 డిసెంబరు 12వ తేదీన మద్రాసులో కన్నుమూసినారు.

ఆయన తరువాత బారి నాదస్వరమే వ్యాప్తిలోనికి వచ్చినది. ఆయన శిష్యులు కారుకురిచ్చి అరుణాచలము వాదనమును తెలుగువారు 1962 నాటి ‘మురిపించే మువ్వలు’ చిత్రమున ఎస్. జానకి పాటకు జతగ విన్నారు. ఒంగోలు సమీపమున కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా, ముందు చిలకలూరిపేట ఆదం సాహెబు వద్ద విద్య నేర్చి, రాజరత్నం బాణిపై మక్కువతో తంజావూరు సీమకు పోయి, నాచ్చియార్‌కోయిల్ సోదరులు రాజం, దొరైక్కణ్ణు పిళ్ళైల వద్ద మరల శిష్యరికము చేసినారు. పిమ్మట శ్రీరంగమున స్థిరపడి, 1999లో కన్నుమూయువరకు ఆ నాదమును సాధించినారు. నరసింగంపేట నాదస్వరమునకు 2022లో భౌగోళిక గుర్తింపు లభించినది.

నేడును ఆ గ్రామమునకు పోవు విద్వాంసుడు మొదట చూచునది కొయ్య నునుపును గాని, అనసు మెరుగును గాని కాదు. పీక బిగించి, షడ్జము నిలిపి, పంచమము పలికించి, ఆ పిమ్మట శుద్ధ మధ్యమముపై ఆగి చెవి యొగ్గి వినును. అది కుదిరిననే వాద్యము చేతికి తీసికొనును.