యుటాక్సెటర్ సంతలో ప్రాయశ్చిత్తం

ఇంగ్లండు నడుమ, స్టాఫర్డ్‌షైర్ ప్రాంతంలో లిచ్‌ఫీల్డ్ అనే ప్రాచీన పట్టణమున్నది. అక్కడి కేథడ్రల్ చర్చికి మూడు ఉన్నత శిఖరాలు. బాటసారికి ఊరికంటె ముందుగా అవే కనిపిస్తాయి. ఆ చర్చిని చూడవచ్చిన వారు తప్పక దర్శించే మరొక చోటు సంతవీథి మూలనున్న పుస్తక వర్తకుని ఇల్లు. ఆంగ్లభాషకు మహానిఘంటువును సమకూర్చిన శామ్యూల్ జాన్సన్ 1709 సెప్టెంబరు 18న ఆ ఇంటనే జన్మించినాడు.

తండ్రి మైకేల్ జాన్సన్ ఆ యేడే పట్టణానికి షరీఫుగా ఉన్నవాడు. గౌరవమున్నదిగాని వ్యాపారం కలిసిరాలేదు. చుట్టుపట్ల ఊళ్ళలో సంత జరిగేనాడు అక్కడికి పుస్తకాలు మోయించుకొనిపోయి అంగడి పెట్టేవాడు. కుమారునికి శైశవంలోనే గండమాల సోకి చూపు మందగించినది. అయినను అంగడిలోని గ్రంథాలే ఆ బాలునికి లోకమైనవి. 1728లో ఆక్స్‌ఫర్డులో చేరినాడు. పదమూడు నెలలకే ధనం లేక పట్టం పొందకుండ ఇల్లు చేరినాడు.

యౌవనంలో ఒకనాడు తండ్రి అస్వస్థుడై, లిచ్‌ఫీల్డుకు ఇరవై మైళ్ళ లోపున ఉన్న యుటాక్సెటర్ సంతకు వెళ్ళి అంగడి చూచుకొమ్మని కుమారుని కోరినాడు. చదువుకొన్న తాను సంతలో నిలిచి అమ్మకం సాగించుటకు జాన్సన్‌కు అభిమానం అడ్డువచ్చినది. వెళ్ళనన్నాడు. 1731లో తండ్రి మరణించినాడు. ఆ తిరస్కారానికి క్షమాపణ కోరే అవకాశం ఇక లేకపోయినది.

తరువాత జాన్సన్ సమీపాననే ఉన్న ఎడియల్ గ్రామంలో పాఠశాల నెలకొల్పినాడు. విద్యార్థులు చాలినంతమంది రాక అది మూతపడినది. 1737లో తన శిష్యుడు డేవిడ్ గారిక్‌తో కలిసి లండను ప్రయాణమైనాడు. శిష్యుడు మహానటుడైనాడు. గురువు కొద్దిమంది సహాయకులతో సంవత్సరాల తరబడి శ్రమించి, నలభైవేలకు పైగా పదాలు గల నిఘంటువును 1755లో వెలువరించినాడు. పట్టం లేకుండ పంపిన ఆక్స్‌ఫర్డే ఆ యేడు పట్టమిచ్చి గౌరవించినది. 1762లో రాజు సాలుకు మూడువందల పౌనుల భరణం ఏర్పరచినాడు.

ఇంత కీర్తి వచ్చినను ఆ పాత శల్యం హృదయంలో కదలుతూనే ఉన్నది. సుమారు యాభై ఏండ్ల తరువాత, వానగా ఉన్న ఒకనాడు, ఆ వృద్ధుడు యుటాక్సెటర్ వెళ్ళినాడు. ఒకప్పుడు తండ్రి అంగడి ఉండిన తావు చేరి, టోపీ తీసి, తల తడుస్తూ చాలసేపు నిశ్చలంగా నిలిచినాడు. ఆ ప్రాయశ్చిత్తం ఫలించినదనే ఆశతో, అవసానకాలంలో ఒక యువ మతాచార్యునికి ఈ సంగతి చెప్పుకొన్నాడు. 1784 డిసెంబరు 13న మరణించగా వెస్ట్‌మినిస్టర్ ఆబీలో సమాధి చేసినారు.

జన్మగృహానికి ఎదురుగా లిచ్‌ఫీల్డు వారు 1838లో ఆయన శిలావిగ్రహం నిలిపినారు. దాని పీఠంపై మూడు దృశ్యాలు చెక్కబడినవి. ఒకదానిలో పసివాడైన జాన్సన్ తండ్రి భుజాలపై కూర్చుండి ఉపన్యాసం వింటున్నాడు. మరొకదానిలో తోటి విద్యార్థులు అతనిని మోసుకొని బడికి పోతున్నారు. మూడవది యుటాక్సెటర్ సంత. నిఘంటువు రచనకు అక్కడ చోటు లేదు. భుజాలపై మోసిన తండ్రి కోసం, వానలో తలవంచి నిలిచిన కుమారుడున్నాడు.