బాలుని నోటి మాటకు బడిలో చోటడిగిన గిడుగు

నీలగిరుల పాదాన, భవానీ తీరాన వెలసిన మేట్టుపాళయం పరిసరాలలో తెలుగు కుటుంబాలు తరతరాలుగా నివసిస్తున్నాయి. అక్కడి పిల్లవాడు ఇంట తెలుగు పలుకుతాడు, బడిలో తమిళం వ్రాస్తాడు. తమిళనాడులో 2006లో వచ్చిన చట్టం తమిళ బోధనను ఒకటవ తరగతినుండి క్రమంగా తప్పనిసరి చేసిన తరువాత ఈ అంతరం మరింత పెరిగింది. తల్లిదండ్రులు పట్టుబట్టి పిల్లవానిచేత తెలుగు వ్రాయించబోతే, వాడు ఇంట మాట్లాడేది ఒకటి, పుస్తకంలో కనిపించేది మరొకటి. ఇంటి మాటకూ బడి వ్రాతకూ నడుమ గల ఈ అగాధాన్ని పూడ్చడానికే జీవితమంతా ధారపోసిన ఉపాధ్యాయుడు గిడుగు వెంకట రామమూర్తి పంతులు.

ఆయన 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం సమీపంలోని పర్వతాలపేటలో జన్మించారు. చిన్ననాటనే తండ్రి గతించగా, విజయనగరంలో చదువుకొని 1879లో మెట్రిక్యులేషన్ పూర్తి చేశారు. గురజాడ అప్పారావు ఆయనకు సహాధ్యాయి. మరుసటి సంవత్సరం పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులయ్యారు. పట్టభద్రులైనది ఉద్యోగం చేస్తూనే.

పర్లాకిమిడి చుట్టూ కొండలు. ఆ కొండలలో సవరలు. వారి పిల్లలకు బడి లేదు, వారి భాషకు లిపి లేదు. తెలుగు, సవర రెండూ తెలిసిన ఒక వ్యక్తిని రామమూర్తి తమ ఇంటనే ఉంచుకొని ఆ భాష నేర్చుకున్నారు. తెలుగు లిపిలో సవర వాచకాలు కూర్చారు. సొంత సొమ్ముతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతాలిచ్చి, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించారు. ఈ పని తేలికైనది కాదు. గొంతులో ఠక్కున ఆగిపోయే ఒక ధ్వని సవరలో ఉంది. దానికి తెలుగులో అక్షరమే లేదు. కొన్ని క్రియలు తమ కర్మను తమలోనే ఇముడ్చుకొని ఒకే మాటగా పలుకుతాయి. సంస్కృత వ్యాకరణపు చట్రం అక్కడ పనికిరాదు. పలికేవారి నోటినుండే సూత్రాన్ని గ్రహించాలి. తెలుగు బడి విషయంలో ఆయన తరువాత చేసిన వాదమంతటికీ బీజం ఈ కొండబడులలోనే పడిందనడం అతిశయోక్తి కాదు.

ఆ సేవకు ఆయన చెల్లించిన మూల్యం దారుణమైనది. మన్యంలో తిరిగి తిరిగి మలేరియా పాలయ్యారు. విపరీతంగా వాడిన క్వినైను వలన చెవుడు ప్రాప్తించింది. ఇతరుల ఉచ్చారణ వినడమే వృత్తిగా గల మనిషికి వినికిడి పోయింది! అయినా పని మానలేదు. సవర పుస్తకాలకు ప్రభుత్వం పారితోషికం ఇవ్వజూపితే వద్దని, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టమన్నారు.

యేట్స్ అనే ఆంగ్లేయుడు ఉత్తర జిల్లాలకు పాఠశాలల తనిఖీ అధికారిగా వచ్చారు. జనం మాట్లాడే తెలుగు, చిన్న తరగతులలో నేర్పే తెలుగు ఎందుకు వేరుగా ఉన్నాయో ఆయనకు అంతుపట్టలేదు. విశాఖపట్నం కళాశాల ప్రిన్సిపాలు పి.టి.శ్రీనివాస అయ్యంగారిని అడుగగా, ఆయన గురజాడను, గిడుగును చూపించారు.

ఆ సమస్య ఎటువంటిదో ఒక్క వాక్యంలో తెలుస్తుంది. పిల్లవాడు ఇంటిలో, మా అమ్మ సంతకు పోతోంది, అంటాడు. బడిలో దానినే, మా యమ్మ సంతకుఁ బోవుచున్నది, అని వ్రాయాలి. నడుమ యకారం రావాలి, అరసున్న పెట్టాలి, పకారం బకారం కావాలి, క్రియ రూపం మారాలి. నాలుగు మాటల వాక్యంలో నాలుగు తప్పులకు అవకాశం! తల్లి సంతకు పోయిన కబురు చెప్పవలసిన పసివాడు బెత్తం వంక చూస్తూ ద్రుతసంధిని తలచుకుంటాడు.

రామమూర్తికి ప్రాచీన కావ్యాలపై ద్వేషం ఉన్నదని కొందరు అనుకొన్నారు. అది పొరపాటు. కావ్యాలను, శాసనాలను ఆయన చదివినంత లోతుగా చదివినవారు అరుదు. కావ్యభాషను చదివి ఆనందించడానికి నేర్పవచ్చు, వ్రాయడానికి మాత్రం శిష్టులు నేడు మాట్లాడే భాషనే నేర్పాలన్నది ఆయన వాదం. గ్రాంథికం పిల్లలకు సులభమన్న పండితులే దానిని తప్పులు లేకుండా వ్రాయలేకపోతున్నారని, వారి రచనలనుండే ఉదాహరణలు ఏరి చూపారు. 1933లో వెలువడిన ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం’ ఆ పరిశ్రమ ఫలమే. పండితులకు ఆగ్రహం కలగడంలో వింత లేదు.

1911లో ఉద్యోగం మానుకొని పూర్తిగా ఉద్యమంలో దిగారు. స్కూలు ఫైనలు వ్యాసాన్ని ఆధునిక భాషలోనైనా వ్రాయవచ్చునని ఆ కాలంలో వచ్చిన ఉత్తర్వు, జయంతి రామయ్య పంతులు ప్రభృతుల వ్యతిరేకతతో కొద్దికాలానికే రద్దయింది. అయినా వెనుదీయక 1919లో ‘తెలుగు’ అనే పత్రిక స్థాపించారు. అదే సంవత్సరం కందుకూరి వీరేశలింగం అధ్యక్షులుగా రాజమహేంద్రవరంలో ఏర్పడిన వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజానికి కార్యదర్శి అయ్యారు. సవరను కూడా విడువలేదు. 1931లో ఆ భాషకు వ్యాకరణం వెలువరించారు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరింది. దాదాపు ఐదున్నర దశాబ్దాలు నివసించిన ఊరిని ఆయన ఆనాడే, నిరసనగా, విడిచిపెట్టారు. డెబ్బది రెండేండ్ల వయసులో రాజమహేంద్రవరం చేరుకొన్నారు. సరిహద్దు గీత మారితే ఇల్లు ఎలా పరాయిదవుతుందో సరిహద్దు పల్లెల వారికి వేరుగా చెప్పనక్కరలేదు.

1940 జనవరి 15న పత్రికా సంపాదకులకు తమ చివరి విన్నపం వినిపించారు. పత్రికలు, పుస్తకాలు వాడుక భాషలోకి వస్తున్నా, విద్యాశాఖ, విశ్వవిద్యాలయాలు ఇంకా దానిని గుర్తించలేదన్నదే ఆ విన్నపంలోని ఆవేదన. వారం గడిచాక, జనవరి 22న ఆయన కన్నుమూశారు.