మూర్ఛకు లొంగని ధీర వనిత హారియెట్ టబ్‌మన్



నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు హాస్టల్లో నా పక్కన పడుకునే మిత్రుడికి ఒక రాత్రి ఫిట్స్ వచ్చాయి. ఎవరో అతని చేతిలో తాళంచెవులు పెట్టారు. ఎవరో ఉల్లిగడ్డ కోసి ముక్కు దగ్గర పెట్టారు. తెల్లవారేసరికి అతని ట్రంకుపెట్టె ఒక మూల ఒంటరిగా మిగిలింది. దూరంగా జరిపిన పెట్టెల్లో నాది కూడా ఉంది. దసరా సెలవులకు ఇంటికి పోయిన ఆ మిత్రుడు మళ్లీ రాలేదు. తల్లిదండ్రులతో పాటు వలస పోయాడని తర్వాత విన్నాను. క్లాసులో లెక్కలు మా అందరికంటే బాగా చేసేవాడు.

మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటివాణ్ని నేను. ఇప్పుడు ఎం.ఏ. చరిత్ర చదువుతున్నాను. అమెరికా చరిత్రలో హారియెట్ టబ్‌మన్ గురించి చదివినప్పుడు నాకు ఆ మిత్రుడే గుర్తుకు వచ్చాడు. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో ఆమె జీవితం గురించి రాస్తున్నాను.

హారియెట్ 1822 ప్రాంతంలో అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రం, డార్చెస్టర్ కౌంటీలో ఒక బానిస కుటుంబంలో జన్మించింది. తల్లిదండ్రులు పెట్టిన పేరు అరమింటా. అందరూ మింటీ అని పిలిచేవారు. ఆనాటి చట్టం ప్రకారం బానిస తల్లికి పుట్టిన బిడ్డ కూడా ఆ తల్లి యజమానికి ఆస్తే. ఐదారేళ్ల వయసులోనే మింటీని పరాయి ఇళ్లలో పనికి అద్దెకు పంపారు. ఒక ఇంట్లో రాత్రంతా మేలుకొని పసిబిడ్డ ఊయల ఊపాలి. బిడ్డ ఏడిస్తే మింటీకి కొరడా దెబ్బలు పడేవి. అప్పు కింద పిల్లల్ని దొరల ఇళ్లలో జీతానికి ఉంచిన కథలు మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో ముసలివాళ్లను అడిగితే చెప్తారు. మన దేశంలో వెట్టిచాకిరీని రద్దు చేసే చట్టం 1976లో గానీ రాలేదు. కనుక మింటీ బాల్యం మనకు మరీ కొత్త కథేమీ కాదు.

ఆమెకు సుమారు పదమూడేళ్లున్నప్పుడు బక్‌టౌన్ అనే ఊళ్లో ఒక దుకాణానికి వెళ్లింది. చెప్పకుండా పని వదిలి వచ్చిన ఒక బానిసను పట్టుకోవడానికి అతని మేస్త్రీ అక్కడికి వచ్చాడు. పారిపోతున్న అతని మీదికి ఆ మేస్త్రీ దాదాపు కిలో బరువున్న తూకపు రాయి విసిరాడు. అది గురి తప్పి మింటీ తలకు తగిలి పుర్రె చిట్లింది. వైద్యం చేయించినవారు లేరు. రెండు రోజులు పడి ఉన్న తర్వాత ఆమెను మళ్లీ పొలానికి పంపారు.

అప్పటినుండి ఆమెకు వింత జబ్బు పట్టుకుంది. మాట్లాడుతూ మాట్లాడుతూనే ఉన్నట్టుండి నిద్రలోకి జారిపోయేది. ఎంత లేపినా లేచేది కాదు. కాసేపటికి తానే లేచి పని కొనసాగించేది. తలనొప్పి, కళ్లకు కట్టినట్టు కనిపించే కలలు కూడా ఉండేవి. ఆ కలలను దేవుడు చూపే దారిగా ఆమె నమ్మింది. తల గాయం వల్ల వచ్చిన మూర్ఛరోగమే ఇదని నేటి పరిశోధకులు చాలామంది భావిస్తున్నారు. మూర్ఛకు కారణాలు అనేకం. పురిటిలో మెదడుకు ప్రాణవాయువు అందకపోవడం, మెదడువాపు, తలకు దెబ్బ, వంశపారంపర్యం వంటివి వాటిలో కొన్ని. అది గాలి సోకడం కాదు, శాపం కాదు, అంటువ్యాధి అంతకన్నా కాదు.

గాయపడిన మింటీని యజమాని అమ్మకానికి పెట్టాడు. ఎవరూ కొనలేదు. జబ్బు పిల్ల ఎందుకూ పనికిరాదని వాళ్ల లెక్క. కానీ ఆమె కోలుకొని తండ్రితో పాటు అడవిలో కలప పనికి పోయింది. ఎద్దులను తోలింది, దుక్కి దున్నింది, దుంగలు మోసింది. నల్లమలలో మన చెంచులకు చెట్టూ పుట్టా ఎలా తెలుసో, ఆమెకు ఆ అడవీ చిత్తడినేలా అలా తెలిసిపోయాయి. 1844లో జాన్ టబ్‌మన్‌ను పెళ్లి చేసుకుంది. ఆ రోజుల్లోనే హారియెట్ అని పేరు మార్చుకుంది.

1849లో యజమాని చనిపోయాడు. ఎవరిని ఎక్కడికి అమ్మేస్తారోనన్న భయం పట్టుకుంది. ఆ ఏడాదే ఆమె ఒంటరిగా పారిపోయి, రాత్రిపూట నడుస్తూ, బానిసత్వం లేని పెన్సిల్వేనియా రాష్ట్రం చేరింది. ఫిలడెల్ఫియాలో ఇంటి పనీ వంట పనీ చేసి డబ్బు కూడబెట్టింది. తర్వాత సుమారు పదేళ్లలో దాదాపు 13 సార్లు మేరీలాండ్‌కు దొంగచాటుగా వెళ్లి, 70 మంది వరకు బానిసలను విడిపించింది. 1850లో వచ్చిన చట్టం వల్ల అమెరికాలో ఎక్కడ దాక్కున్నా పట్టుకుపోతారు కాబట్టి చాలామందిని కెనడా దాకా చేర్చింది. ముసలివాళ్లైన తల్లిదండ్రులను కూడా 1857లో తీసుకుపోయింది.

తమ్ముళ్లారా! ఇక్కడ ఒక్క విషయం గమనించండి. ఆ ప్రయాణాల్లో కూడా ఆమెకు మూర్ఛ వచ్చేది. వెనుక వేటకుక్కలతో తరిమేవాళ్లు ఉంటారు. దారి తెలిసిన మనిషి పడిపోయి ఉంటుంది. వెంట ఉన్నవాళ్లు ఆమె లేచేదాకా పక్కనే కూర్చుని ఆగేవారు. లేచాక ఆమె వెనుకే నడిచేవారు. ఆమె వెంట బయలుదేరిన వారిలో ఒక్కరు కూడా పట్టుబడలేదు.

అంతర్యుద్ధంలో ఆమె ఉత్తరాది సైన్యానికి నర్సుగా, వంటమనిషిగా, వేగుగా పనిచేసింది. 1863 జూన్ 2న దక్షిణ కరోలినాలోని కొంబాహీ నదిపై నల్లజాతి సైనికులు జరిపిన దాడికి దారి చూపింది. ఆ ఒక్కరోజే 700 మందికి పైగా బానిసలకు విముక్తి కలిగింది. యుద్ధం తర్వాత న్యూయార్క్ రాష్ట్రంలోని ఆబర్న్‌లో స్థిరపడింది. 1869లో నెల్సన్ డేవిస్‌ను పెళ్లాడి, గెర్టీ అనే ఆడపిల్లను పెంచుకుంది. స్త్రీల ఓటుహక్కు కోసం సభల్లో మాట్లాడింది. తాను చదవడం రాయడం ఎరుగదు. ఇంత సేవ చేసినా ఆమెకు నెలకు 20 డాలర్ల పింఛను దక్కింది 1899లోనే. తలలో హోరు భరించలేక 1890ల చివర బోస్టన్‌లో ఆపరేషన్ చేయించుకుంది. 1908లో ఆమె కృషితో వృద్ధాశ్రమం ప్రారంభమైంది. అక్కడే 1913 మార్చి 10న, దాదాపు తొంభై ఏళ్ల వయసులో న్యుమోనియాతో కన్నుమూసింది.

మూర్ఛకు ఇప్పటికీ వాడే ఫినోబార్బిటాల్ మందు పనిచేస్తుందని తెలిసింది 1912లో, అంటే ఆమె చనిపోయే ముందు సంవత్సరం. మనకు ఆ కష్టం లేదు. సరైన మందులు క్రమం తప్పక వాడితే నూటికి 70 మంది దాకా ఫిట్స్ లేకుండా బతకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చిన్నప్పుడు మూర్ఛ వచ్చినవాళ్లు పెద్దయ్యాక ఏమవుతారో ఫిన్లాండ్ దేశంలో సిల్లన్‌పా అనే వైద్యుడు 30 ఏళ్లకు పైగా గమనించారు. మూడింట రెండు వంతుల మందికి ఫిట్స్ ఆగిపోయాయి. కానీ మూర్ఛ తప్ప వేరే ఏ లోపమూ లేనివారిలో కూడా చదువు ఆగినవారు, పెళ్లి కానివారు, ఉద్యోగం లేనివారు ఇతరులకంటే ఎక్కువగా ఉన్నారు. అంటే జబ్బు తగ్గినా, చిన్నప్పుడు పోగొట్టుకున్నది తిరిగి రాలేదు. మన హిందూ వివాహ చట్టంలో కూడా మూర్ఛ ఉన్నవారి పెళ్లికి అడ్డు ఉండేది. దాన్ని తీసేసింది 1999లోనే.

కాబట్టి హాస్టల్లో ఎవరికైనా ఫిట్స్ వస్తే భయపడకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. తల కింద మెత్తని బట్ట పెట్టండి. నోట్లో ఏమీ పెట్టకండి, కాళ్లూ చేతులూ అదిమి పట్టకండి. ఐదు నిమిషాలు దాటితే వెంటనే దవాఖానకు తీసుకుపోవాలి. మీకే ఆ జబ్బు ఉంటే దాచుకోకండి, వార్డెన్ సారుకు చెప్పండి. డాక్టర్ చెప్పకుండా మందు ఆపకండి. అన్నిటికన్నా ముఖ్యంగా, వాళ్లు లేచేదాకా పక్కనే కూర్చోండి. మీ పెట్టె జరపకండి.

నా మిత్రుడు ఇప్పుడు ఎక్కడున్నాడో తెలియదు. ఈ సంచిక ఎలాగైనా అతని చేతికి చేరితే, ఆ రాత్రి నేను చేసిన పనికి నన్ను క్షమించమని కోరుతున్నాను.

– ఒక పూర్వ విద్యార్థి, ఎం.ఏ. (చరిత్ర)