టోల్‌రోడ్డు మీద పేరు: జేన్ ఆడమ్స్

మా ఇంటి వెనక పార్కింగ్ స్థలంలో పిల్లలు టెన్నిస్ బంతితో క్రికెట్ ఆడుకుంటారు. ఒక ఓవరు పూర్తయ్యేలోపు కనీసం రెండుసార్లు ఎవరో ఒకరు అరుస్తారు, కారు వస్తోంది తప్పుకోండని. వికెట్లుగా పెట్టిన చెత్తడబ్బా పక్కకు జరిపి, కారు పోయాక మళ్ళీ తెచ్చి పెట్టి, అప్పటికి స్కోరెంతో మర్చిపోయి, పోట్లాడుకుని, ఇంట్లోకొచ్చి ఐప్యాడ్ పట్టుకుంటారు. మేముండేది షికాగో పడమటి శివార్లలో. పది నిమిషాలు నడిస్తే పెద్ద మైదానమే ఉంది. కానీ ఒక మూల వాన పడితే వారం దాకా నీళ్ళు ఇంకవు. మిగతాదంతా డబ్బు కట్టి ఆడే సాకర్ జట్లకు ముందే బుక్కయిపోతుంది. ఆ మూలను బాగుచేసి, ఒక పిచ్ వేసి, సాయంత్రాలు రుసుం లేకుండా చుట్టుపక్కల పిల్లలందరికీ వదలమని మేం 22 కుటుంబాల వాళ్ళం అర్జీ పెట్టుకోవాలనుకున్నాం. రాసే పని నా మీద పడింది. ఇంట్లో ఉండేది నేనే కదా అన్నారు.

ఆ అర్జీ కోసం ఈ ఊళ్ళో ఆటస్థలాలు ఎలా మొదలయ్యాయో చదువుకుంటూ పోతే జేన్ ఆడమ్స్ దగ్గర తేలాను. ఇక్కడి మనవాళ్ళలో చాలామందికి ఆ పేరు రోడ్డు పేరుగానే తెలుసు. ఓహేర్ విమానాశ్రయం వైపు నుంచి రాక్‌ఫర్డ్ వెళ్ళే ఐ-90 టోల్‌వేకి పెట్టింది ఆవిడ పేరే. పన్నెండేళ్ళుగా ఆ బోర్డు కింద నుంచి వెళ్తున్నాను, ఎవరీవిడ అని ఒక్కసారి కూడా అనుకోలేదు.

1860 సెప్టెంబరు 6న ఇల్లినాయి ఉత్తర భాగంలో సీడర్‌విల్ అనే పల్లెటూళ్ళో పుట్టింది. తండ్రికి మిల్లులు ఉండేవి. రాష్ట్ర సెనేటర్ కూడా. రెండేళ్ళ వయసులో తల్లి పోయింది. చిన్నప్పుడే వెన్నెముకకు క్షయ సోకి వీపు వంగిపోయింది. ఆదివారం చర్చికి వెళ్ళేటప్పుడు తండ్రి పక్కన నడవకుండా చిన్నాన్న పక్కన నడిచేదట. అంత అందమైన మనిషికి ఇలాంటి కూతురా అని కొత్తవాళ్ళు అనుకుంటారేమోనని ఆ పిల్ల భయం. ఆడపిల్లను కన్న తల్లిగా ఈ ముక్క దగ్గర పుస్తకం మూసేసి కాసేపు కూర్చున్నాను.

కానీ అదే పిల్లకు ఇంకో అదృష్టం ఉంది. తండ్రి రెండో పెళ్ళి చేసుకున్నాక ఇంటికొచ్చిన సవతి తమ్ముడు జార్జితో కలిసి మిల్లు చుట్టూ, వాగు వెంట, గుట్టల మీద, గుహల్లో ఆడుకుంది. వాళ్ళ ఆటలు ఒక పూటతో అయిపోయేవి కావు. ఈ వారం ఆపిన చోటు నుంచి వచ్చే వారం, ఒక వేసవిలో ఆపింది మరో వేసవిలో అందుకునేవాళ్ళు. పెద్దయ్యాక షికాగో వీధుల్లో పిల్లల్ని చూసినప్పుడు ఆవిడకు అన్నిటికన్నా జాలి కలిగించింది ఇదేనని తన ఆత్మకథలో రాసుకుంది: వీళ్ళ ఆట ఎప్పుడూ మధ్యలోనే తెగిపోతుంది, ఏదో బండి వస్తుంది, ఎవరో తోలేస్తారు, మళ్ళీ మొదటి నుంచి. అది చదివి మా చెత్తడబ్బా వికెట్లు గుర్తొచ్చాయంటే నమ్మండి.

1881లో రాక్‌ఫర్డ్‌లో కాలేజీ చదువు ముగించింది. ఆ వేసవిలోనే తండ్రి పోయాడు. డాక్టరు కావాలని ఫిలడెల్ఫియాలో ఆడవాళ్ళ వైద్య కళాశాలలో చేరింది గానీ వెన్ను నొప్పి సాగనివ్వలేదు. సవతి అన్న ఆపరేషన్ చేశాడు, ఆరు నెలలు మంచం మీదే. తర్వాత రెండుసార్లు యూరప్ యాత్రలు. చదువుంది, డబ్బుంది, చేయడానికి పని లేదు. అలా ఎనిమిదేళ్ళు. జీవిత చరిత్రలు రాసేవాళ్ళు ఈ ఎనిమిదేళ్ళనూ రెండు పేజీల్లో దాటేస్తారు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పట్టా ట్రంకుపెట్టెలో పెట్టుకుని ఈ దేశం వచ్చిన నాలాంటి వాళ్ళకు మాత్రం ఆ భాగమే నెమ్మదిగా చదవాలనిపిస్తుంది.

1888లో లండన్‌లోని పేదవాడలో టాయిన్‌బీ హాల్ చూసింది. చదువుకున్న కుర్రాళ్ళు అక్కడే కాపురముండి ఇరుగుపొరుగుతో కలిసి పనిచేసే చోటు అది. మరుసటి ఏడు, 1889 సెప్టెంబరు 18న, స్నేహితురాలు ఎలెన్ గేట్స్ స్టార్‌తో కలిసి షికాగోలో హాల్‌స్టెడ్ వీధిలో ఒక పాత భవంతిలో దిగింది. హల్ అనే ఆయన 1856లో కట్టించిన ఇల్లు కాబట్టి హల్ హౌస్ అన్నారు. అప్పటికి ఆవిడకు 29 ఏళ్ళు నిండి రెండు వారాలు కాలేదు. చుట్టూ ఇటలీవాళ్ళు, యూదులు, బొహీమియావాళ్ళు, గ్రీకులు, ఐరిష్‌వాళ్ళు. ఓడ దిగి వచ్చి, భాష రాక, ఒకే గదిలో రెండు కుటుంబాలు సర్దుకుంటున్న జనం.

మొదటి క్రిస్మస్‌కు వాడలోని చిన్నపిల్లలకు మిఠాయిలు పంచబోతే కొందరు ఆడపిల్లలు వద్దని తల తిప్పుకున్నారు. ఆరా తీస్తే తెలిసింది, వాళ్ళు ఆరు వారాలుగా మిఠాయి ఫ్యాక్టరీలో పొద్దున ఏడు నుంచి రాత్రి తొమ్మిది దాకా పనిచేస్తున్నారు. ఆ వాసన వస్తేనే వాళ్ళకు కడుపులో తిప్పుతోంది. హల్ హౌస్‌లోనే ఉండే ఫ్లోరెన్స్ కెల్లీ, జేన్, మరికొందరు పట్టుబట్టగా 1893లో ఇల్లినాయిలో 14 ఏళ్ళ లోపు పిల్లల్ని ఫ్యాక్టరీ పనిలో పెట్టకూడదని చట్టం వచ్చింది. సరే, ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చిన పిల్ల ఎక్కడికి వెళ్ళాలి? ఇంట్లో చోటు లేదు. మిగిలింది వీధి. వీధిలో బంతి ఆడితే పోలీసు పట్టుకుంటాడు.

ఆ రోజుల్లోనే ఆటస్థలం వచ్చింది. దాని కథ అంత తేలిగ్గా చెప్పి వదిలేసేది కాదు.

హల్ హౌస్ దగ్గర్లో విలియం కెంట్ అనే యువకుడికి తండ్రి తరపు ఆస్తి ఉండేది, పాడుబడ్డ అద్దె ఇళ్ళు. వాటి దుస్థితి మీద నలుగురిలో విమర్శ వచ్చింది. ఆయన ముఖం చాటేయకుండా నేరుగా వచ్చి జేన్‌ను కలిశాడు. ఇళ్ళు బాగుచేసే దశ దాటిపోయాయి. పడగొట్టి ఆ నేలను పిల్లలకు వదలడమే మంచిదని తేలింది. అద్దె లేకుండా ముందు ఒక్క ఏడాదికే ఇచ్చాడు. సుమారు 326 అడుగుల పొడవు, 119 అడుగుల వెడల్పు, అంటే ఎకరానికి కాస్త తక్కువ. నేల చదును చేశారు, కంచె వేశారు, ఉయ్యాలలు కట్టారు, ఇసుక గుట్టలు పోశారు. ఆ ఇసుకలో ఆడుకోవడానికి బకెట్లు, పారలు. నగరం ఒక పోలీసును అక్కడికే కేటాయించింది. నిన్నటిదాకా బంతి ఆడితే పట్టుకున్న పోలీసు శాఖే ఇప్పుడు ఆటకు కాపలా. మధ్యాహ్నాలు ఒకాయన చేతితో తిప్పే వాద్యపు పెట్టె తెచ్చి వాయిస్తే ఇటలీ పిల్లలు వాళ్ళ నాట్యం, ఐరిష్ పిల్లలు వాళ్ళ నాట్యం. వేసవి సాయంత్రాలు తల్లిదండ్రులు కూడా వచ్చి కూర్చునేవారు. షికాగోలో అందరికీ తెరిచిన మొదటి ఆటస్థలంగా దాన్నే చెప్తారు. ఏడాదికని ఇచ్చిన నేల అలాగే సాగింది, ఆ తర్వాత నగరమే నిర్వహణ తీసుకుంది. ఈ కెంటే 1908లో కాలిఫోర్నియాలో మ్యూర్ వుడ్స్ అడవిని దేశానికి దానమిచ్చిన పెద్దమనిషి. శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్ళినప్పుడు మనమంతా ఫొటోలు దిగే ఆ పెద్ద చెట్ల అడవే.

మరి ఆ ఇళ్ళలో ఉన్నవాళ్ళు? కొందరిని కోర్టు ద్వారా ఖాళీ చేయించాల్సి వచ్చింది. జేన్ దీన్ని దాచలేదు. చాలా ఏళ్ళ తర్వాత గుర్రపు జీన్లు కుట్టే ఒక ఇటలీ ముసలాయన వీధిలో ఎదురై, ఆ ఇంట్లో ఉన్నప్పుడు నడిచినంత బాగా తన వ్యాపారం ఇంకెక్కడా నడవలేదనీ, ఇటలీలో ఉన్నట్టు అనిపించిన చోటు అదొక్కటేననీ వాపోయాడని తనే రాసింది. తను చేసిన మంచి పనికి మూల్యం ఇంకొకరు చెల్లించారని అచ్చులో ఒప్పుకునేవాళ్ళు ఎంతమంది ఉంటారు? నాకు ఆవిడ మీద గౌరవం కలిగింది నోబెల్ బహుమతి దగ్గర కాదు, ఇక్కడ.

ఆటస్థలం ఒక్కటే చాలదని కూడా ఆవిడకు తెలుసు. వాడంతా చెత్త. 1895లో మేయర్ ఆవిడను 19వ వార్డుకు చెత్త ఇన్‌స్పెక్టరుగా వేశాడు, జీతం ఏడాదికి 1,000 డాలర్లు. పొద్దున ఆరింటికే లేచి చెత్త బళ్ళ వెంట తిరిగేది. ఒక సందులో చెత్త తవ్వుకుంటూ పోతే కింద పూడిపోయిన రాతిబాట బయటపడిందట. ఆడవాళ్ళకు ఇదేం పని అని ముక్కున వేలేసుకున్న వాళ్ళకు, ఇళ్ళు శుభ్రంగా ఉంచుకునేవాళ్ళకు ఊరు శుభ్రం చేయడం కొత్తేమీ కాదన్నదే ఆవిడ సమాధానం.

1899లో షికాగోలో దేశంలోనే మొదటి బాలల కోర్టు వచ్చింది, అందులోనూ హల్ హౌస్ వాళ్ళ చెయ్యి ఉంది. ఆ కోర్టుకు వచ్చే కుర్రాళ్ళ నేరాలు చూస్తే ఎక్కువభాగం ఆటలాంటివే అనిపించేది ఆవిడకు. రైలు పట్టాల దగ్గర సాహసాలు, బొగ్గు ఎత్తుకుపోవడం, వీధిలో అల్లరి. ఉత్సాహానికి చోటివ్వకుండా శిక్ష వేయడమేమిటని 1909లో ఒక పుస్తకమే రాసింది. ఈలోగా 1905లో షికాగో దక్షిణ భాగంలో వరసగా చిన్న పార్కులు తెరుచుకున్నాయి. ఈత కొలను, ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ వేరువేరుగా వ్యాయామశాలలు, సభాభవనం, అన్నీ పేటల మధ్యలోనే. 1906లో దేశవ్యాప్త ఆటస్థలాల సంఘం పుట్టింది, దాని నాయకుల్లో జేన్ ఒకరు. మరుసటి ఏడు ఆ సంఘం మహాసభ షికాగోలోనే జరిగింది. మన పిల్లలు ఈరోజు ఆడుకునే పార్క్ డిస్ట్రిక్టుల వెనకాల ఆ పదేళ్ళ పని ఉంది.

అయితే ఆ పార్కులు అందరికీ ఒక్కలా తెరుచుకోలేదు. 1919 జూలైలో మిషిగన్ సరస్సులో ఈత కొడుతున్న ఒక నల్లజాతి కుర్రాడు తెల్లవాళ్ళ వైపు వచ్చాడని ఒకడు రాళ్ళు విసిరాడు, పిల్లవాడు మునిగిపోయాడు. దాంతో రేగిన అల్లర్లలో 38 మంది చనిపోయారు. అందరిదీ అనుకున్న తీరంలోనే కంటికి కనిపించని గీత ఉంది. జేన్ 1909లోనే నల్లజాతివారి హక్కుల సంఘం ఎన్ఏఏసీపీ స్థాపనలో పాలుపంచుకున్న మనిషి, కానీ ఆ గీతను చెరపడం ఆవిడ వల్ల కూడా కాలేదు.

మిగతాది చాలామందికి తెలిసినదే. మొదటి ప్రపంచ యుద్ధాన్ని వ్యతిరేకించింది, 1917లో అమెరికా యుద్ధంలో దిగినప్పుడు కూడా మాట మార్చలేదు. నిన్నటిదాకా పొగిడిన పత్రికలే దేశద్రోహి అన్నంత పని చేశాయి. 1931లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది, అమెరికా మహిళల్లో మొదటిసారి. అప్పటికి ఆసుపత్రిలో ఉంది, తీసుకోవడానికి ఆస్లో వెళ్ళలేకపోయింది. 1935 మే 21న కన్నుమూసింది.

హల్ హౌస్ ఒకప్పుడు 13 భవనాలు. 1960లలో విశ్వవిద్యాలయం క్యాంపస్ కోసం చాలా వరకు కూల్చేశారు, చుట్టూ ఉన్న ఇటలీ, గ్రీకు కుటుంబాలనూ ఖాళీ చేయించారు. ఇప్పుడు రెండే మిగిలాయి, మ్యూజియంగా. ఆ క్యాంపస్‌లో మన తెలుగు పిల్లలు బోలెడుమంది చదువుతున్నారు, మా పిన్ని కొడుకు కూడా. కిందటి నెల వాడిని చూడటానికి వెళ్ళి మా పిల్లలిద్దరినీ ఆ ఇంట్లో తిప్పాను. మా అబ్బాయి ఆటస్థలం ఎక్కడుండేదని అడిగాడు. ఇప్పుడు అక్కడ కార్లు నిలిపి ఉంటాయేమోనని వాడే నవ్వాడు.

ఇంటికొచ్చి అర్జీ మళ్ళీ మొదటి నుంచి రాశాను. ముందు రాసినదాంట్లో మన పిల్లలు, మన క్రికెట్ అనే ఉంది. ఇప్పుడు నీళ్ళు నిలిచే మూల, రుసుం కట్టలేక మానేసిన పిల్లలు, ఎవరు వచ్చినా ఆడుకునే వీలు, ఇవి పైకి వచ్చాయి. సంతకాల్లో రెండు మెక్సికో కుటుంబాలూ, ఒక పోలండ్ ఆవిడా చేరారు. పార్క్ బోర్డు సమావేశం వచ్చే మంగళవారం.

ఈలోగా ఒక పని మిగిలి ఉంది. ఆ మైదానం అంచునే ఒక పెద్దాయన ఒంటరిగా ఉంటాడు. పిచ్ వస్తే బంతులు తన పూలమొక్కల మీద పడతాయనీ, సాయంత్రాలు కార్లు తన వాకిటికి అడ్డంగా పెడతారనీ ఆయన ఇదివరకే బోర్డుకు ఉత్తరం రాశాడట. మా గ్రూపులో ఆయన మీద ఏవో జోకులు నడుస్తున్నాయి. రేపు పులిహోర చేసి, మా అబ్బాయిని వెంటబెట్టుకుని ఆయన తలుపు తడదామనుకుంటున్నాను. కంచె ఏ వైపు ఎంత ఎత్తు వేస్తే బాగుంటుందో ఆయన్నే అడగాలి.