కుగ్లరు దొరసానిగారి పెట్టె

ధ్యానభాగము: అపొస్తలుల కార్యములు 9:36–42



మన గద్వాల, వనపర్తి ప్రాంతములలో అవ్వ కాలము చేసిన పిమ్మట ఆమె సందుగ తెరచి, జరీ చీరను ఒకరు, కండ్లద్దములను ఒకరు, బైబిలును ఒకరు జ్ఞాపకార్థముగా తీసికొందురు. యొప్పేలో దొర్కా మరణించినప్పుడు జరిగినది వేరు. ఆమె సందుగను ఎవరును తెరువలేదు. ఆమె కుట్టి యిచ్చిన బట్టలనే బీద విధవరాండ్రు పేతురునకు చూపిరి.

గుంటూరు డాక్టరు అన్నా సారా కుగ్లరు గారి పెట్టెయు అట్టిదే.

ఆమె 1856లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమందు జన్మించెను. 1879లో స్త్రీల వైద్య కళాశాలలో పట్టము పొందెను. 1883లో గుంటూరు చేరెను. అయితే ఆమెను పంపిన లూథరన్ స్త్రీల సమాజము అప్పటికి వైద్యసేవకు సిద్ధపడలేదు. పాఠశాలల పనికిని, స్త్రీలకు ఇండ్లలో బోధించుటకును ఆమెను నియమించిరి. ఆమె ఆ పనిని ఒప్పుకొనెను గాని, మందులను, పరికరములను తన సామానుతో కట్టుకొని వచ్చెను. ఆ పెట్టె మూతపడి యుండలేదు. మొదటి సంవత్సరమందే వందలకొలది రోగులు ఆమె చేతి మందు పుచ్చుకొనిరి. 1885లో సమాజము ఆమెను వైద్య మిషనరీగా అంగీకరించెను.

మార్గము సుళువైనది కాదు. కొన్ని గృహములలో ఆమె తాకినదానిని మైలగా నెంచి శుద్ధి చేసిరి. మందు కావలెను గాని, మందిచ్చిన చెయ్యి వారికి అంటుగా నుండెను. ఆమె అలిగి మానుకొనలేదు. పిలిచిన ప్రతి యింటికి మరల వెళ్లెను. 1898లో స్త్రీలకును పిల్లలకును ఏబది పడకల ఆసుపత్రి తెరువబడెను.

ప్రభుత్వము 1905లో ఆమెకు కైజర్-ఇ-హింద్ పతకము నిచ్చెను. అంతకంటె ప్రియమైన గురుతులు వేరే యున్నవి. ఆమెవలన మేలు పొందిన ఏలూరు రాజా భుజంగరావుగారి కుటుంబము తమ బిడ్డకు అన్నమ్మ యని ఆమె పేరు పెట్టెను. రాజాగారు రోగుల బంధువులకొరకు ఆసుపత్రియొద్ద సత్రము కట్టించిరి. ఒకనాడు మైలయని యెంచబడిన చేతి పేరే ఒక హిందూ గృహమందు ముద్దుపేరాయెను!

నలువదియారు సంవత్సరములకు పైగా సేవచేసి, 1930 జూలై 26న ఆమె గుంటూరులోనే ప్రభువునందు నిద్రించెను. ఆసుపత్రికి ఆమె పేరే నిలిచెను. 1907లో హైదరాబాదు సంస్థానమునకు వచ్చి, మన నాగర్‌కర్నూలులోను పరిచర్య చేసిన డాక్టరు కాథరీన షెల్లెన్‌బర్గు గారును ఈ త్రోవనే నడిచిరి.

ప్రియులారా, మన సందుగలో మిగిలినవి మన పిల్లలు పంచుకొందురు. మన యింటి గుమ్మమునొద్ద నిలిచి, ఇది ఆమె నాకు చేసిన మేలు, ఇది ఆయన నాకు చేసిన మేలు అని చూపుటకు పొరుగువారి చేతిలో ఏమి యున్నది? మన సంఘములో నేటికిని ఒకరి చేతి నీళ్లు త్రాగుటకు వెనుదీయువారున్నయెడల, ఆ ప్రశ్న మొదట మనకే.

ప్రభువు మన పెట్టెలను తెరచునుగాక. ఆమేన్.